స్ట్రిప్పు మీద మూడో చెయ్యి

“ఎన్నింటికి?” అని అడిగింది గడియారమ్మ.

ఏ కేసులోనైనా ఆవిడ నోట మొదట వచ్చే మాట అదే. ఇరవై ఆరేళ్ళపాటు హోటళ్ళ వంటిళ్ళలో, మిఠాయి దుకాణాల వెనక గదుల్లో తనిఖీలు చేసిన ఉద్యోగం ఆవిడది. ఏం తిన్నారంటే జనం అబద్ధం చెబుతారు, ఎంత తిన్నారన్నా చెబుతారు. ఎన్నింటికి తిన్నారంటే మాత్రం అబద్ధం చెప్పాలని ఎవరికీ తోచదు. రిటైరయ్యాక ఇంటి ముందు డిటెక్టివ్ బోర్డు తగిలించింది గానీ ఆ ప్రశ్న మారలేదు, దానివల్ల వచ్చిన పేరు కూడా మారలేదు.

“నిన్న పొద్దున పదకొండింటికండీ,” అన్నాడు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న కొడుకు. రాత్రంతా కూర్చునే ఉన్నాడేమో, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. “నాన్న అట్టలు కోస్తూ కోస్తూ చలేస్తోందన్నారు. పావుగంటలో వాంతులు, ఆ తర్వాత విరేచనాలు. సాయంత్రం అయిదింటికి పిలిస్తే పలకలేదు.”

“దానికి ముందు రోజు, అంటే మంగళవారం, షాపులో భోజనం ఎన్నింటికి?”

“ఒంటిగంటా పదికి. రోజూ అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటాం. పన్నెండు మందిమి.”

గడియారమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇరవై రెండు గంటలకి పది నిమిషాలు తక్కువ.

సంగతి ఇదీ. ఈ కుర్రవాడి తండ్రి పుస్తకాల బైండింగ్ షాపు యజమాని. అరవై ఎనిమిదేళ్ళు. అందరూ పెద్దమేస్త్రి అంటారు. షాపులో జిగురు కాచేదీ, మధ్యాహ్నం పన్నెండు మందికీ వండిపెట్టేదీ ఒక్కావిడే. అందరికీ వదిన. మంగళవారం అందరి ఎదుటా పెద్దమేస్త్రికీ వదినకీ మాటా మాటా పెరిగింది. బుధవారం పెద్దమేస్త్రి మంచం పట్టాడు. బుధవారం సాయంత్రం ఆరింటికల్లా పోలీసులు వదినని పట్టుకుపోయారు. ఈరోజు గురువారం, సాయంత్రం నాలుగింటికి ఆవిడని కోర్టుకి తీసుకెళ్తారు. వదిన అత్తగారు పొద్దున్నే గడియారమ్మ గుమ్మంలో నిలబడి, “నా కోడలు కూరలో ఉప్పు మర్చిపోతుందేమో గానీ విషం వేసే మనిషి కాదమ్మా” అంది. అత్తగారే కోడలి తరఫున రావడం గడియారమ్మ తన సర్వీసులో ఎన్నడూ చూడలేదు. అందుకే ఈ కేసు ఒప్పుకుంది.

“నాన్నగారు రోజూ మింగే మందులేమైనా ఉన్నాయా?”

“గ్యాస్ మాత్ర. పరగడుపున ఒకటి. నాలుగేళ్ళ నుంచీ.” కొడుకు మొహం తుడుచుకున్నాడు. “ఈమధ్య మరీ ఎక్కువ మింగుతున్నారేమోనని నాకు అనుమానం. ఇదివరకు మూడు స్ట్రిప్పులు తెస్తే నెల వచ్చేవి. మూడు నెలల నుంచీ పదిహేను రోజులకే అయిపోతున్నాయి. పోయిన నెల నుంచీ పది రోజులకే. అడిగితే కసురుకుంటారని అడగలేదు.”

గడియారమ్మ ఆ అంకెల్ని చీర కొంగున ముడేసినట్టు మనసులో ముడేసుకుంది.

“మీ ఆవిడ రాలేదా?”

“రాత్రి పదింటి దాకా ఇక్కడే ఉంది. తెల్లారాక స్నానానికి నేనొకసారి ఇంటికెళ్ళొచ్చాను. పొద్దున లేస్తే ఒళ్ళు నలతగా ఉందంది. పడుకోమని వచ్చేశాను.”

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు. నలభై అయిదేళ్ళ మనిషి, మెట్లు రెండేసి ఎక్కే రకం. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న గడియారమ్మని చూస్తే అతనికి పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. గడియారమ్మకేమో అతను తెలివైనవాడే గాని తొందరగాడని అభిప్రాయం.

“మేడమ్, మీరు అప్పుడే దిగారా?” అన్నాడు. “ఈ కేసులో మీకు పనిలేదు. వంటింటి అలమరలో సీసాడు మైలుతుత్తం దొరికింది. ఆవిడ వండింది. ముందు రోజు గొడవపడింది. పైగా ఆ రోజు వడ్డించిన గుడ్డు ఆవిడ ఒక్కతే ముట్టలేదని మిగతా పనివాళ్ళు చెప్పారు. ఎందుకు తినలేదని అడిగితే నోరు మెదపదు. ఇంకేం కావాలి?”

“మైలుతుత్తం ప్రతి బైండింగ్ షాపులోనూ ఉంటుంది. పురుగు పట్టకుండా జిగురులో కలుపుతారు.”

“అదే కదా నేననేది. చేతికి అందుబాటులో ఉంది.”

“అది కడుపులో పడ్డవాడు అరగంట కూడా ఆగడు నాయనా. నీలంగా కక్కేస్తాడు. ఈయన ఇరవై రెండు గంటలు ఆగాడు. మధ్యలో రాత్రి భోజనం చేశాడు, నిద్రపోయాడు, పొద్దున్నే వచ్చి షాపు తెరిచాడు, నాలుగు గంటలు పనిచేశాడు. నీ మైలుతుత్తం అంత మర్యాదగా కూర్చుందా?”

ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండింది. జేబులోంచి ఏదో తీసి నోట్లో వేసుకుని, కూజాలో నీళ్ళు వంపుకుని తాగాడు. ఛాతీ రుద్దుకున్నాడు. “సరే. విషం కాదు, తిండి చెడిందంటారు. అలాగే అనుకుందాం. ఒకే గిన్నెలోది పన్నెండుమందికి వడ్డించారు. ఒక్కడే పడ్డాడు. చెడిన తిండికి మొహాలు చూసి పట్టే తెలివి ఉందా? ఎవరో ఒక్కడి పళ్ళెంలో వేశారు కాబట్టే ఒక్కడు పడ్డాడు. దీనికి జవాబు చెప్పండి, ఇప్పుడే ఆవిడని వదిలేస్తాను.”

గడియారమ్మ మళ్ళీ వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టింది.

అప్పుడే గది తలుపు తెరుచుకుని కడుపు డాక్టరు బయటికి వచ్చాడు. సన్నటి మనిషి. చేతిలో మూతపెట్టిన చిన్న గాజు పళ్ళెం ఉంది, దాని నిండా తెల్లటి చుక్కలు.

“ఇప్పటికి పరవాలేదు. జ్వరం దిగుతోంది,” అన్నాడు కొడుకుతో. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. “మీ రసాయన పరీక్ష రిపోర్టు ఎల్లుండి గాని రాదు. నా రిపోర్టు వచ్చేసింది. పాడు క్రిమి. గుడ్ల ద్వారా, మాంసం ద్వారా వచ్చేది. నెత్తుట్లోకి కూడా పాకింది.”

“క్రిములు ఎక్కడనుంచైనా రావచ్చు. ఈయనకే ఎందుకు వచ్చాయి?”

“నిన్న రాత్రి గొట్టంతో కడుపులో రసం తీశాం. మామూలుగా ఆ రసం పుల్లగా, ఘాటుగా ఉంటుంది. తిండితోపాటు లోపలికి పోయే క్రిముల్లో చాలావాటిని అక్కడే చంపేస్తుంది. ఈయన రసం దాదాపు మంచినీళ్ళలా ఉంది.” డాక్టరు గాజు పళ్ళెం ఎత్తి చూపించాడు. “అందులో ఒక్క చుక్క ఇందులో పూస్తే ఇంత పంట పండింది. గుడ్డుతో వచ్చిన క్రిమే కాదు. మన నోట్లో, గొంతులో ఉండే మామూలు క్రిములు కూడా కడుపులోకి దిగి కాపురం పెట్టేశాయి.”

“గ్యాస్ మాత్ర,” అంది గడియారమ్మ మెల్లగా.

“అవును. కడుపులో పులుపు తగ్గించడమే దాని పని. పుండు ఉన్నవాళ్ళకి, నెత్తురు కక్కేవాళ్ళకి అది ప్రాణం నిలబెడుతుంది, నేనే రాస్తాను. ఈయనకీ నేనే రాశాను. ఆరు వారాలకి.” డాక్టరు నిట్టూర్చాడు. “నాలుగేళ్ళు మింగాడు. మిగతావాళ్ళ కడుపుల్లో ఆ పులుపు ఉంది, గుడ్డుతో వెళ్ళిన కాసిని క్రిములు అక్కడే చచ్చాయి. ఈయన కడుపులో కాపలా లేదు.”

ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. “ఒక్కడి విషయంలో ఏ కథైనా అతుకుతుంది డాక్టరుగారూ. కోర్టులో ఇది నిలబడదు. నాలుగింటికి నేను ఆవిడని హాజరు పరుస్తాను.”

“ఒక్కడు కాకపోతే?” అంది గడియారమ్మ. “ఆ మాత్ర మింగేవాళ్ళు ఇంకా ఉండి, వాళ్ళూ పడి ఉంటే?”

“చూపించండి.”

“షాపు తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా. పద.”

*

పన్నెండూ ముప్ఫై అయిదుకి ఇన్‌స్పెక్టరు షాపు సీలు విప్పాడు.

లోపల కాగితం వాసన, ఎండిన జిగురు వాసన. మడిచిన అచ్చు కాగితాల ఫారాలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. వెనక మూలన వంట. గడియారమ్మ తిన్నగా అక్కడికే నడిచింది. ఒకటే పొయ్యి. దాని మీద ఇప్పటికీ జిగురు కాచిన పెద్ద డేగిసా ఉంది, అడుగున మైదా పెచ్చు కట్టింది. పక్కన నేల మీద గుడ్లు ఉడకబెట్టిన గిన్నె, మంగళవారం హడావిడిలో పారబొయ్యకుండా వదిలేసిన నీళ్ళు అందులో అలాగే ఉన్నాయి. చెత్తబుట్టలో గుడ్డు పెంకులు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక పెంకు తీసి వెలుతురులో తిప్పింది. లోపలి పొర మీద పచ్చసొన జారి ఎండిన చార ఉంది.

“బాగా ఉడికిన గుడ్డులో సొన కారదు,” అంది.

“అయితే వండిన మనిషి తప్పేగా?”

“ఆ మాట ఇంకొకళ్ళని అడుగుదాం. కుట్టుపని పిన్నిని పిలిపించు. వెనక సందులోనే ఉంటుందని కొడుకు చెప్పాడు.”

పిన్ని వచ్చేలోగా గడియారమ్మ పెద్దమేస్త్రి బల్ల సొరుగు లాగింది. చాకులు, దారపు ఉండలు, అడుగున మూడు స్ట్రిప్పులు. ఒక్కొక్క దానికి పది మాత్రలు. వాటిని బల్ల మీద వరసగా పరిచి చాలాసేపు చూసింది.

“కొడుకు వీటిని తెచ్చింది ఒకటో తారీకు, సోమవారం. నిన్న బుధవారం, పది. పెద్దమేస్త్రి రోజుకొకటి మింగితే పది ఖాళీ కావాలి. రెండే మిగిలాయి చూడు.”

“ఆయనే మూడేసి మింగి ఉంటాడు.”

“ఇలా వచ్చి సరిగ్గా చూడు నాయనా. ఇది చాకుతో మూడు పక్కలా కోసి రేకుని తలుపులా తెరిచిన గూడు. ఇలాంటివి పది. నలభై ఏళ్ళు అట్టలు కోసిన చెయ్యి మాత్ర కూడా అలాగే తీసుకుంటుంది. ఇప్పుడు ఇది చూడు. రేకు మధ్యలో గుండ్రటి బెజ్జం, దాన్నుంచి చీల్చారు. పుస్తకాలు కుట్టే దబ్బనంతో పొడిచింది. ఇవి తొమ్మిది. ఇవేమో బొటనవేలితో నెట్టి చింపినవి. ఇవీ తొమ్మిదే.”

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. గూళ్ళు తనే ఒకసారి లెక్కపెట్టి, “తొమ్మిదేం?” అన్నాడు.

“ఆదివారం షాపు సెలవు. పెద్దమేస్త్రి ఆ రోజుది ఇంటికి పట్టుకెళ్ళాడు. దొంగతనంగా తీసేవాళ్ళకి ఆ వీలు లేదు.”

కుట్టుపని పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. యాభై దాటిన మనిషి, కుడి చేతి వేళ్ళకి గుడ్డ చుట్టుకుని ఉంది. మొహం పీక్కుపోయింది.

“నిన్న మధ్యాహ్నం నుంచీ పనిలోకి రాలేదట. ఎన్నింటికి మొదలైంది?” అంది గడియారమ్మ.

“ఏది మొదలైంది?” పిన్ని నీళ్ళు నమిలింది. “మేస్త్రిగారు పడిపోయారని బెంగతో వెళ్ళిపోయాను.”

“నా దగ్గర ఆ పప్పులు ఉడకవు పిన్నీ. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గోడ పట్టుకుని నిలబడ్డావు. నిన్నటినుంచీ ఎన్నిసార్లు పెరట్లోకి పరిగెత్తావు?”

పిన్ని తలవంచుకుంది. ఇన్‌స్పెక్టరు ముందుకు వస్తే గడియారమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. స్టూలు జరిపి పిన్నిని కూర్చోబెట్టి, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది.

“వేళ్ళ నెప్పులమ్మా,” అంది పిన్ని రెండు గుక్కలు తాగి. “ముప్ఫై ఏళ్ళు కుట్టిన చేతులు. నెప్పుల మాత్ర వేసుకుంటే కడుపులో మంట. మేస్త్రిగారు గ్యాస్ మాత్రతో హాయిగా ఉంటున్నారని ఒకరోజు ఒకటి తీశాను. నిజంగానే హాయిగా అనిపించింది. మూడు నెలలయింది. ఆయన అటు తిరిగినప్పుడు రోజూ ఒకటి తీసుకుంటున్నాను. అడిగితే ఆయనే ఇచ్చేవారు. ఆయన ముందు చెయ్యి చాచలేక…” ఆవిడ కళ్ళు నిండాయి. “నిన్న పన్నెండింటికి మొదలైంది. చెబితే దొంగననుకుంటారని దాక్కున్నాను. వదినని పట్టుకుపోయారని తెలిసి రాత్రంతా కుమిలిపోయాను. ఆవిడ ఏ పాపం ఎరగదు.”

“మంగళవారం గొడవ దేనికి?”

“పొయ్యి కోసం. పన్నెండూ యాభైకి వదిన గుడ్లు ఉడకేసింది. సాయంత్రానికి మూడు వందల పుస్తకాలు పంపాలి, జిగురు అయిపోయింది. మేస్త్రిగారు వచ్చి గుడ్లు దింపి ముందు జిగురు పెట్టమన్నారు. పచ్చిగా ఉంటాయి, అయిదు నిమిషాలు ఆగమంది వదిన. ఆయన వినిపించుకోకుండా గిన్నె తనే దింపేశారు. మా షాపులో ఎప్పుడూ అంతేనమ్మా, జిగురు తర్వాతే అన్నం.”

గడియారమ్మ ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. అతను పొయ్యినీ, నేల మీద గిన్నెనీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆవిడ విషం పెట్టడానికి కారణమని నమ్మి, దేనికని అతను అడగనైనా అడగని గొడవలో వదిన చెప్పిందల్లా గుడ్లు ఉడకనివ్వమని.

“రెండో మనిషి దొరికింది,” అన్నాడు, గొంతు తగ్గించి. “కానీ ఆవిడ గుడ్డు ఎందుకు తినలేదో…”

“ఆగు. ముందు మూడో మనిషి సంగతి.” గడియారమ్మ స్ట్రిప్పుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వేలితో చింపిన గూళ్ళ పక్కన రేకు మీద సన్నగా ఊదారంగు మరకలు. “ఈ షాపులో అందరి చేతులకీ జిగురే. ఈ రంగు ఎక్కడిది పిన్నీ?”

“స్టాంపు సిరా అది. రసీదుల మీద ముద్ర వేసేది.” పిన్ని వేలితో ముందు గది చూపించింది. “ఆ బల్ల దగ్గర చిన్నమ్మ కూర్చుంటుంది. మేస్త్రిగారి కోడలు.”

పొద్దున లేస్తే ఒళ్ళు నలతగా ఉందంది. పడుకోమని వచ్చేశాను. కొడుకు మాటలు గుర్తొచ్చి గడియారమ్మ గబగబా జీపు వైపు నడిచింది.

*

స్టేషన్లో ఆడవాళ్ళ గదిలో వదిన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. టైము ఒంటిగంటా ఇరవై. మేస్త్రి ఇంటికి వెళ్ళే దారిలోనే స్టేషను. గడియారమ్మ జీపులోంచి రెండుసార్లు ఆ ఇంటికి ఫోను చేయించింది. మోగి మోగి ఆగిపోయింది.

“ఒకే ఒక్క ప్రశ్న వదినా,” అంది, ఆవిడ ఎదురుగా నేల మీదే చతికిలబడి. “మంగళవారం పన్నెండు గుడ్లు ఉడికాయి. నీ గుడ్డు ఎవరు తిన్నారు?”

వదిన మొహం గోడవైపు తిప్పుకుంది.

“నాలుగింటికి నిన్ను కోర్టుకి తీసుకెళ్తారు. ఈ ఒక్క మాట చెబితే ఇంటికి వెళ్తావు. మీ అత్తగారు పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.”

వదిన కళ్ళు తుడుచుకుంది. “ఒకరికి మాటిచ్చానమ్మా. నేను చెప్పను. నాకేం కాదు, నేను ఏ తప్పూ చెయ్యలేదు. కానీ ఆ మాట బయటికొస్తే ఆ పిల్ల బెదిరిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు…”

అని నాలుక కరుచుకుంది.

గడియారమ్మకి ఆ ఒక్క ముక్క చాలింది. “నువ్వేం చెప్పద్దు. నేను చెబుతాను, విను. ఆ పిల్లకి రెండో నెలో మూడో నెలో. ఇంతకుముందు రెండుసార్లు నిలబడలేదు. ఈసారి గండం గడిచేదాకా మొగుడికి కూడా చెప్పకూడదనుకుంది. వంట మూలన వాంతి చేసుకుంటుంటే నువ్వు చూశావు, నీకొక్కదానికే తెలుసు. ఆ రోజు ఆకలిగా ఉందంటే నీ గుడ్డు ఆ పిల్ల పళ్ళెంలో వేశావు.”

వదిన అవుననలేదు, కాదనలేదు. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి.

“ఆ పిల్లకి కడుపులో మంటగా ఉంటుందని ఎప్పుడైనా అందా?”

“నెలన్నర నుంచీ,” అంది వదిన. ఇందులో దాచాల్సిందేమీ లేదనుకుంది కాబోలు. “అన్నం తింటే గొంతులోకి మంట వస్తోందనేది. డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. వెళ్తే అందరికీ తెలిసిపోతుందంది. తర్వాత తగ్గిందని చెప్పింది. ఏం?”

“మామగారి మాత్రలతో తగ్గించుకుంది.” గడియారమ్మ లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. “సగం ఉడికిన గుడ్లు రెండు తింది, కాపలా లేని కడుపుతో. ఇప్పుడు ఇంట్లో ఒక్కతే ఉంది, ఫోను ఎత్తడం లేదు.”

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు తాళాలు తీసుకుని గుమ్మం దాటాడు. అతని తొందర గడియారమ్మకి మొట్టమొదటిసారి నచ్చింది.

*

ఒంటిగంటా యాభైకి ఇంటి ముందు ఆగారు. తలుపు లోపల గడియ. పిలిస్తే పలుకు లేదు. ఇన్‌స్పెక్టరు భుజంతో రెండుసార్లు గుద్దితే గడియ ఊడింది.

పడకగదికీ స్నానాల గదికీ మధ్య చిన్నమ్మ నేల మీద పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. గడియారమ్మ ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంటే కళ్ళు సగం తెరిచింది.

“ఎన్నింటికి మొదలైంది తల్లీ?”

“ఆయన… వెళ్ళాక… ఎనిమిదిన్నరకి,” అంది. నాలుక తడారిపోయింది. “నెల్లాళ్ళ నుంచీ వాంతులే కదా, అదే అనుకున్నాను. లేవలేకపోయాను. ఎవరికీ చెప్పద్దు, నాకు…”

“నాకు తెలుసు. ఇంక నువ్వు ఒక్కదానివే మొయ్యక్కర్లేదు.”

ఇన్‌స్పెక్టరు ఆ పిల్లని రెండు చేతులా ఎత్తుకున్నాడు. జీపు వెనక సీట్లో పడుకోబెట్టాక, దారి పొడుగునా హారన్ మీద చెయ్యి తియ్యలేదు. గడియారమ్మ చెంచాతో నీళ్ళు పడుతూ, మెలకువగా ఉండమని ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. ఏం చెప్పిందో తర్వాత ఆవిడకే గుర్తులేదు.

*

ఆసుపత్రిలో రెండున్నర నుంచి మూడూ నలభై దాకా వరండాలో అందరి కళ్ళూ చిన్నమ్మ గది తలుపు మీదే. కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. విషయం విన్నప్పుడు అతను ముందు నమ్మలేదు. తర్వాత, “నాకు చెబితే నేను ఏడుస్తానని భయపడి ఉంటుంది. పోయినసారి తనకంటే నేనే ఎక్కువ ఏడ్చాను” అన్నాడు. ఇన్‌స్పెక్టరు కుట్టుపని పిన్నిని కూడా జీపు పంపించి రప్పించాడు. ఆవిడకీ సెలైన్ ఎక్కుతోంది.

మూడూ నలభై రెండుకి కడుపు డాక్టరు తలుపు తీశాడు.

“సరైన టైముకి తెచ్చారు. ఇంకో మూడు నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను. మందు పడింది, బీపీ నిలబడింది.” కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. “లోపలికి రా. ఒకటి వినిపిస్తాను. మీరు కూడా రండి.”

మంచం పక్కన లేడీ డాక్టరు చిన్న యంత్రాన్ని చిన్నమ్మ పొత్తికడుపు మీద ఆనించింది. ముందు గరగరమని చప్పుడు. తర్వాత ఆ చప్పుడు లోంచి గబగబా, పరిగెడుతున్నట్టు, టకటకటకమని గుండె కొట్టుకోవడం వినిపించింది. చిన్నమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఈసారి ఇద్దరూ కలిసే ఏడ్చారు.

గడియారమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. పక్కకి చూస్తే ఇన్‌స్పెక్టరు ఫోనులో మాట్లాడుతున్నాడు. “ఆ వంటావిడని వదిలెయ్యండి. కాదు, కోర్టుకి వద్దు. నా జీపు పంపుతున్నాను, అందులోనే ఇక్కడికి తీసుకురండి. ఆవిడ అత్తగారిని కూడా.” ఫోను పెట్టేసి గడియారం చూసుకున్నాడు. నాలుగింటికి పది నిమిషాలు తక్కువ.

“జవాబు చెప్పారు,” అన్నాడు గడియారమ్మతో. ఆ తర్వాత కాస్త తటపటాయించి, జేబులోంచి ఒక స్ట్రిప్పు తీసి డాక్టరు ముందు పెట్టాడు. “ఇది కూడా అదేనా?”

“అదే. ఎన్నాళ్ళ నుంచీ?”

“ఆరేళ్ళు.”

“ఎవరు రాశారు?”

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. “మా బావమరిది.”

“డాక్టరా?”

“కాదు. అతనికి తగ్గిందట.”

గడియారమ్మ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. డాక్టరు నవ్వలేదు. “పొద్దున్నే పరగడుపున నా దగ్గరికి రండి. ఒక్కసారిగా మానెయ్యద్దు, మంట ఎదురు తిరుగుతుంది. అసలు మీకు అవసరమో కాదో చూసి, అక్కర్లేకపోతే మెల్లగా తగ్గిద్దాం. అప్పటిదాకా మాత్రం సగం ఉడికినవేవీ తినకండి.”

నాలుగుంబావుకి వదిన వచ్చింది. చిన్నమ్మ గది గుమ్మంలో నిలబడి, “నేను చెప్పలేదు” అంది మొదటి మాటగా. “ఆవిడే కనుక్కుంది.” చిన్నమ్మ చెయ్యి చాచి దగ్గరికి పిలిచింది.

పక్క గదిలో పెద్దమేస్త్రి అప్పుడే కళ్ళు తెరిచాడు. కొడుకు వంగి చెవిలో అంతా చెప్పాడు. వదిన అరెస్టు, పిన్ని మాత్రలు, కోడలు, యంత్రంలో వినిపించిన చప్పుడు. ముసలాయన కళ్ళ కొసల నుంచి రెండు చుక్కలు దిండు మీదకి జారాయి. ఆ తర్వాత వేలితో వదినని దగ్గరికి రమ్మన్నాడు. గొంతు సరిగా పెగలలేదు. ఆవిడ చెవి ఒగ్గి విన్నది.

“ఏమంటున్నారు?” అని అడిగింది గడియారమ్మ.

వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఇంకో పొయ్యి కొందామంటున్నారు. అప్పటిదాకా ముందు అన్నం దిగాకే జిగురట.”